లాటిన్‌లో మేనమామ

ఇంగ్లీషులో అంకుల్ అనే మాట ఎవరికైనా అతుకుతుంది. ఆటో నడిపేవాడు అంకుల్, హాస్టల్ మెస్సులో చారు పోసేవాడు అంకుల్, పరీక్షలప్పుడు స్క్వాడ్‌గా వచ్చి పిల్లల జేబులు తడిమేవాడూ అంకులే. రాజాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి చెప్పి జుట్టు నెరిసిన నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. నన్ను ఆంటీ అన్నప్పుడు మండే మంట వేరు, దాన్నిక్కడ కలపను.

మా రెండో ఏడాది పిల్లలకి ఇంగ్లీషు మాటలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చెప్పే పాఠం ఒకటుంది. పరీక్షలో దానిమీద ప్రశ్న రాదు కనక తక్కిన లెక్చరర్లు పేజీలు తిప్పేస్తారు. నేను తిప్పను. ఏడాది పొడుగునా వ్యాకరణం నమిలించే ఉద్యోగంలో నాకు మిగిలిన పండగ అదొక్కటే. లాటిన్ నాకు వచ్చని కాదు. నిఘంటువులు తిరగేసి పోగుచేసుకున్న ముక్కలు కొన్ని ఉన్నాయి, అంతే. వాటిలో చుట్టరికాల మాటలంటే మరీ ఇష్టం.

తల్లి మాతేర్, తండ్రి పాతేర్, అన్నదమ్ముడు ఫ్రాతేర్ అని బోర్డు మీద రాస్తే పిల్లలు వెంటనే మాతృ, పితృ, భ్రాతృ అని అందుకుంటారు. లాటిన్‌కీ సంస్కృతానికీ బీరకాయపీచు చుట్టరికం కాదర్రా, తోబుట్టువుల వరస అని చెబుతాను. అక్కడిదాకా అందరికీ సంతోషమే. ఆ తర్వాత అసలు సంగతికి వస్తాను. రోమన్లకి కూడా మనలాగే ఒక్కో చుట్టానికి ఒక్కో మాట ఉండేది. తండ్రి అన్నదమ్ముడు పత్రూస్. తల్లి అన్నదమ్ముడు అవుంకులుస్. తండ్రి అక్కచెల్లెలు అమిత, మన అమితానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. తల్లి అక్కచెల్లెలు మాతెర్తెరా. చిన్నాన్ననీ మేనమామనీ, పిన్నినీ మేనత్తనీ ఒక గాటన కట్టేసే పాపం వాళ్లు చెయ్యలేదు. ఆ మాటలు ఫ్రెంచివాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు చేరేసరికి రెండే మిగిలాయి. అవుంకులుస్ అరిగి అంకుల్ అయింది, అమిత అరిగి ఆంట్ అయింది. అంటే ఇంగ్లీషువాడు ఏ దారినపోయేవాణ్ని అంకుల్ అని పిలిచినా ఆ మాటలో మొదట ఉన్నవాడు మేనమామే. ఆంట్ అన్నా మేనత్తే.

ఒక ఏడాది రెండో బెంచీలో కూర్చునే పిల్ల లేచి, "మరి మిగతా ఇద్దరూ ఏటైపోయారు మేడమ్?" అని అడిగింది.

"పోయారమ్మా. పిలిచే మాట పోతే మనిషి పోయినట్టే కదా," అన్నాను.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తుంటే నా జవాబు నాకే నచ్చలేదు. మా ఇంట్లో మాటలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. పిలవడానికి మనుషులే లేకుండా పోయారు.

మాది పొందూరుకు దగ్గర్లో వరి పండించే ఊరు. అమ్మ పుట్టిల్లు ఎచ్చెర్ల దాటాక సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది. మా ఇంటికీ ఆ ఇంటికీ కుండమార్పిడి. నాన్న ఆ ఇంటి పిల్లని చేసుకుంటే, ఆ పిల్ల తమ్ముడు నాన్న చెల్లెల్ని చేసుకున్నాడు. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు జరిగాయి. కాబట్టి మా మేనమామ భార్యే మా మేనత్త. ఇంగ్లీషులో బతికి బట్టకట్టిన ఆ రెండు మాటలూ నాకు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర దొరికేవి.

వేసవి సెలవులన్నీ అక్కడే. మావ నన్ను పిల్లా అన్నట్టు గుంటా అని పిలిచేవాడు. భుజం మీద కూర్చోబెట్టుకుని తాటితోపుకు తీసుకెళ్లి ముంజెలు బొటనవేలితో తీసి నోట్లో పెట్టేవాడు. నా చెవులు కుట్టించింది ఆయన ఒళ్లోనే. నేను ఒకసారి కెవ్వుమని ఊరుకుంటే, ఆయన మధ్యాహ్నం దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడని అత్త వెక్కిరించేది. అమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది అమ్మే. అక్కని మా వైపు అప్ప అంటారు. మావ అప్పా అని పిలిచిన పిలుపులో సగం అమ్మా అన్నట్టే ఉండేది.

పెళ్లి వల్ల కలిసిన చుట్టాన్ని లాటిన్‌లో అఫ్ఫీనిస్ అంటారు. గట్టు పక్కవాడు అని దానర్థం. ఎవరో రైతు పెట్టిన మాటే అయి ఉంటుంది. గట్టు పక్కవాడితో ఎంత కలిసుంటామో, ఎంత చిన్నదానికి చెడుతుందో సేద్యం చేసేవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. కుండమార్పిడిలో ఆ గట్లు రెండు. ఒకటి తెగిందంటే రెండో మడిలో కూడా నీరు నిలవదు.

నేను డిగ్రీలో ఉండగా మా గట్టు తెగింది. అత్త పోయింది. విషజ్వరం అన్నారు, మందు పడేలోపే అయిపోయింది. అవి తుపాను రోజులు.

మా వైపు పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కోక తెచ్చి కప్పాలి. అది కప్పందే పాడె లేవదు. తక్కిన లోపం ఏదైనా పెద్దలు సర్దుతారు గానీ దీనికి సర్దుబాటు లేదు. ఆ మనిషి ఎంత ముసలిదైనా, కాపురానికొచ్చి ఎన్నేళ్లైనా, చివరిరోజున ఆమె ఫలానా ఇంటి ఆడపడుచని నలుగురిలో చెప్పేది ఆ కోకే. తండ్రి లేకపోతే అన్నదమ్ముడు తెస్తాడు. అన్నదమ్ముడు లేకపోతే అన్నదమ్ముడి కొడుకు తెస్తాడు. ఆ ఇంట్లో ఎవరూ మిగలకపోతేనే ఆ ఇంటిపేరువాణ్ని ఇంకెవర్నైనా వెతుకుతారు.

కబురు అందగానే నాన్న కోక కొని బయల్దేరాడు. దారిలో గెడ్డ పొంగి రోడ్డుమీద పారుతోంది. బస్సులు ఆగిపోయాయి. నాన్న ఇవతలి ఒడ్డున కోక సంచీ గుండెకి అదుముకుని వర్షంలో కూర్చున్నాడట. అవతల ఇంటి దగ్గర వాళ్లూ చూశారు. ఒక రోజంతా చూశారు. ఇక శవం ఆగదన్నారు పెద్దలు. ఆ ఊళ్లో మా ఇంటిపేరువాడు ఒకడు కిరాణా కొట్టు పెట్టుకుని ఉన్నాడు. మాకూ అతనికీ ఇంటిపేరు తప్ప ఏ బంధుత్వమూ లేదు. అతని చేత కోక కప్పించారు. మావ సరేనని తలూపాడు.

నీటి ఉద్ధృతి తగ్గకముందే నాన్న ఛాతీలోతు నీళ్లలో దాటి వెళ్లేసరికి శ్మశానంలో చితి సగం కాలిపోయి ఉంది.

"ఎంతసేపని ఉంచమంటావు బావా? నీ సెల్లి సివరికి పురుగులు పట్టాలా?" అన్నాడు మావ.

"నాను బతికుండగా నా సెల్లికి ఇంకొకడు అన్నయ్యాడేటి?" అన్నాడు నాన్న.

అంతకు మించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. పెళ్లాం పోయిన మనిషి ఎదురుగా ఉన్నాడన్న సంగతి నాన్నకి పట్టలేదు. చెల్లెలు పోయిన మనిషి తడిబట్టలతో నిలబడ్డాడన్న సంగతి మావకీ పట్టలేదు. నాన్న తిరిగొస్తూ ఆ కోకని గెడ్డలో పారేశాడు. ఇంటికొచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ అమ్మతో చెప్పాడు.

"నా సెల్లికి పుట్టిల్లు లేదనిపించినాడు నీ తమ్ముడు. ఇకనుంచి నీకూ లేదు."

అమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆరోజు నుంచి అమ్మ ఆ ఊరు వెళ్లలేదు. మావ మా ఊరు రాలేదు. ఆయన కొడుక్కి నన్ను ఇవ్వాలనే మాట ఒకటి చిన్నప్పట్నుంచీ అనుకునేవారు, అదీ అక్కడితో ఆగింది. దానికి నేనేమీ ఏడవలేదు. ఆ తర్వాత నా పెళ్లే ఎందుకో కుదర్లేదు, దానికీ ఏడవలేదు. అమ్మ మాత్రం ఏ పండక్కి చుట్టాల ఆటో వీధిలో ఆగినా గుమ్మంలోకి వచ్చి చూసి లోపలికి వెళ్లేది. నాకు అది చూస్తే ఒళ్లు తెలియని కోపం వచ్చేది. ఎవరిమీదో తెలిసేది కాదు. ఫ్యామిలీ అన్న మాటకి లాటిన్‌లో మొదటి అర్థం ఒక యజమాని ఇంట్లోని నౌకర్లూ బానిసలూ అని క్లాసులో చెబితే మగపిల్లలు నమ్మరు. ఆడపిల్లలు కొంచెం తొందరగా నమ్ముతారు.

నాన్న పోయినప్పుడు కథ చక్కబడుతుందనుకున్నాను. భర్త పోయినా భార్యకి కోక పుట్టింటివాళ్లే తేవాలి. మావ తెచ్చాడు. వీధి మొదట్లో పెదనాన్న ఆపేశాడు. పెదనాన్న మా ఇంట్లోనే రెండో వాటాలో ఉంటాడు, మధ్యలో ఒక గోడ, ముందు ఒకటే అరుగు. రోమన్ల పత్రూస్‌కి, అంటే తండ్రి అన్నదమ్ముడికి, పిల్లల్ని మందలించి హడలగొట్టేవాడని పేరట. అవుంకులుస్‌కి గారాబం చేసేవాడని పేరట. ఎక్కడి రోము, ఎక్కడి మా వీధి!

"అప్పకి కోక తెచ్చినాను," అన్నాడు మావ.

"మా తమ్ముడి మాట ఉన్నాది. ఆడి సవం ఇంకా లేవలేదు. ఇప్పుడే ఆడి మాట తప్పమంటావేటి?" అన్నాడు పెదనాన్న.

చుట్టూ ఊరంతా ఉంది. మావ మా ఇంటివైపు ఒకసారి చూసి, సంచీ చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. తర్వాత పక్క ఊరి నుంచి అమ్మ పుట్టింటి ఇంటిపేరువాణ్ని ఎవర్నో పట్టుకొచ్చి కోక ఇప్పించబోయారు. అమ్మ ముట్టుకోలేదు. "నా తమ్ముడు తెస్తే కడతాను. లేకపోతే ఒంటిమీదున్నదే ఉంటాది," అంది. పెద్దలు గొణిగారు. అమ్మ ఆ పాత కోకతోనే కర్మలన్నీ వెళ్లదీసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పదలుచుకున్నది అమ్మ ఆఖరి రోజుల గురించి. ముందు సంగతి తెలియకపోతే అది ఎవరికైనా పిచ్చితనంలా కనిపిస్తుంది.

అమ్మకి కిడ్నీలు పోయాయి. మా జిల్లాలో ఈ జబ్బు పేరు చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, మీ ఇంట్లో ఎవరికి అని మాత్రం అడుగుతారు. రోజు విడిచి రోజు శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేదాన్ని. ఒక ఆటో మాట్లాడుకున్నాం, పొద్దున్నే వచ్చి గుమ్మంలో ఆగేది. మిషను పక్కన మంచం మీద అమ్మ, కింద స్టూలు మీద నేను. అమ్మ చేతిలోంచి రక్తం గొట్టంలోకి వెళ్లి తిరిగి వచ్చేది. నీళ్లు కొలిచి తాగాలి, ఉప్పు లేదు, ఎండుచేప లేదు. "ఇంక నాలికెందుకు, అదీ తీసీమను," అనేది నర్సుతో.

పొద్దుపోక లాటిన్ ముక్కలు అమ్మకి చెప్పేదాన్ని. కాలేజీ పిల్లలకంటే శ్రద్ధగా వినేది, వేరే గతి లేదు గదా.

"ఆ దేశంలో కూడా మేనమావ ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. ఆ మాటకి అసలు అర్థం చిన్న తాత. తాతని అవుస్ అంటారు, ఆ మాటనే ముద్దుగా చిన్నది చేసి తల్లి తమ్ముడికి పెట్టారు."

"బాగా పెట్టినారు. మా నాన్న పోయాక నాకు పుట్టిల్లంటే ఆడే కదా. మరి ఇప్పుడేటయ్యాడు ఆ మేనమావ?"

"అందరూ అంకులే ఇప్పుడు. అందులో కలిసిపోయాడు."

"పోన్లే. కలిసిపోయినా ఉన్నాడు కదా," అంది అమ్మ. ఆ తర్వాత గోడవైపు తిరిగి, "ఒక్కపాలి ఆణ్ని సూడాలని ఉన్నాదే," అంది.

ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. మందు చేదంటుంది, సూది నొప్పంటుంది, అంతే గానీ ఇది కావాలని అడిగిన గుర్తు నాకు లేదు. డాక్టరుని విడిగా అడిగాను. గుండె కూడా అలిసిపోయిందమ్మా, ఇలా వస్తున్నంతకాలం వస్తారు, ఎంతకాలమని నన్నడక్కండి అన్నాడు. ఆయన్నని లాభం లేదు.

ముందు ఫోను చేశాను. మావ ఎత్తాడు. అమ్మ చెవి దగ్గర పెట్టాను. అమ్మ "ఒరే" అంది. అవతల ఊపిరి వినబడింది. అమ్మ ఇంకోసారి "ఒరే, నానురా" అంది. ఫోను పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయేది.

పెదనాన్న దగ్గరకి వెళ్లాను. అరుగుమీద గోడకానుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"పెదనాన్నా, నాన్న పోయి ఇన్నేళ్లైంది. అమ్మ ఎన్నాళ్లుంటుందో తెలీదు. మావని రానియ్యి. నువ్వొక మాట పంపితే వస్తాడు."

"నానాపతన్నానేటి? మీ నాన్న ఆపినాడు. ఆడొచ్చి కాదనమను, నానూ కాదంతాను."

"చచ్చినవాడు ఎలాగొచ్చి చెబుతాడు?"

"అందుకే మరి," అన్నాడు పెదనాన్న, అదేదో న్యాయం చెప్పినట్టు. పుల్ల పారేసి లోపలికి వెళ్లాడు. ఆ గుమ్మానికి ఎదురుగా నిలబడి నేనన్న మాటలు ఇక్కడ రాయను. మా వీధివాళ్లు ఇప్పటికీ వాటిని తలుచుకుంటారు.

పోనీ అమ్మనే తీసుకెళ్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "పిలవని పుట్టింటికి ఏ మొకం పెట్టుకుని వెల్తాను? ఆడొచ్చి తీసుకెల్లాల," అంది. చావుబతుకుల్లో కూడా ఈ మర్యాదలేమిటని అరిచాను. అమ్మ నా అరుపుకి కళ్లు మూసుకుంది. ఆమె మూసుకోగల తలుపు అదొక్కటే.

చివరికి కాలేజీకి సెలవు పెట్టి నేనే ఎచ్చెర్ల మీదుగా ఆ ఊరు వెళ్లాను. యూనివర్సిటీ దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కితే దారంతా గుర్తుపట్టలేనట్టుంది. తాటితోపు ఉన్నచోట ఇటుకబట్టీ వచ్చింది. మావ కళ్లంలో ధాన్యం ఎండబోసి కాలితో చాళ్లు తీస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు. బాగా ముసలివాడైపోయాడు. కానీ ఆ నుదురూ, ఆ పై పెదవీ అమ్మవే. ఒక్క క్షణం అమ్మకి మీసాలు పెట్టి నిలబెట్టినట్టు అనిపించి నాకు ఏడుపొచ్చింది.

"ఒసే గుంటా," అన్నాడు. "ఎండలో ఏటలా నిలబడిపోనావు? రా, ఇంటికి రా."

కోడలు మంచినీళ్లు తెచ్చింది. నేను ఉండాల్సినచోట ఉన్న మనిషి, మంచిపిల్ల. అన్నం తినేదాకా మావ నన్ను నోరెత్తనివ్వలేదు. పక్కన కూర్చుని విసిరాడు. పులుసు ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఇదంతా చూసి నాకు ఆశ పుట్టింది. ఇంత ప్రేమున్నవాడు ఎందుకు రాడు అనుకున్నాను.

"అప్పెలాగున్నాది?" అని తనే అడిగాడు.

చెప్పాను. మిషను సంగతీ, నీళ్లు కొలిచి తాగడం సంగతీ, గుండె సంగతీ చెప్పాను. అమ్మ నిన్ను ఎలా పెంచిందో, ఎంత తలుచుకుంటుందో చెప్పబోయి ఆగిపోయాను. తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగడ్డమేమిటి నా మొహం. మావ తలొంచుకుని చాప ఈనెలు లాగుతున్నాడు.

"ఒక్కసారి రా మావా. ఇంటికి వద్దు. ఆస్పత్రికి రా. అక్కడ పెదనాన్న ఉండడు. నాన్న గుమ్మం అక్కడ లేదు. మంచం పక్కన కూర్చుని వెళ్లిపో."

"ఆస్పత్రికా," అన్నాడు. "నా అప్పని సూడ్డానికి నాను దొంగలాగ ఆస్పత్రికి రావాలేటి? కోక పట్టుకుని నడివీధిలో నిలబడినాను. ఊరంతా సూసింది. ఒక్కడు రమ్మనలేదు. ఇంట్లోంచి అప్ప ఏడుపు ఇనిపిస్తంది. అలాగే ఎనక్కొచ్చినాను. ఆ రోజే ఒట్టేసుకున్నాను."

"ఏమని?"

మావ లేచి లోపలికి వెళ్లాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. ఒక కోక తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పొందూరు నేత, తెల్లటిది, సన్నటి అంచు. మడత విప్పని కొత్త కోక. కలరా ఉండల వాసన.

"నాన్న పోయినప్పుడు తెచ్చిందా ఇది?" అని అడిగాను.

"అది కాదు. అది ఎవలికో ఇచ్చీసినాను. ఇది అప్పకే. ఆ ఏడే పొందూరెళ్లి నేయించినాను." నా ఒళ్లోంచి కోక తీసుకుని అరచేత్తో దులిపాడు. "అప్ప పోయిన్నాడు వస్తాను. ఆ ఈధిలోంచే వస్తాను, అందరూ సూస్తండగా. బతికున్నమనిషి దగ్గరికి నన్ను ఆపగలిగినారు. సచ్చినమనిషికి పుట్టింటి కోక ఎవడాపుతాడో సూస్తాను. నానొచ్చిందాకా పాడె లెగదు. మీ పెదనాన్నే ఎదురొచ్చి రా బావా అనాల."

"మావా, అప్పటికి అమ్మ ఉండదు."

"ఉంటాదేటి," అన్నాడు మావ. "నాకు తెలీదేటి."

"అమ్మ నిన్ను చూడాలంటోంది. నీ కోక కాదు."

"నాకు మాత్రం లేదనుకున్నావా సూడాలని?" అని అరిచాడు. కోడలు గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆయన కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు. కానీ ఆ ఒట్టు వెనక్కి తీసుకోలేదు. నేను కాళ్లు పట్టుకున్నాను. మేనకోడలు కాళ్లు పట్టుకుంటే మహాపాపమని వెనక్కి గెంతి, నన్ను లేవదీసి, నా చేతిలో ఐదు కొబ్బరికాయలున్న సంచీ పెట్టి, ఆటోదాకా వచ్చి దిగబెట్టాడు. అమ్మ కొబ్బరి తినకూడదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దారి పొడుగునా తిట్టుకున్నాను. మావని, పెదనాన్నని, పోయిన నాన్నని, గెడ్డని, కోకని. వీళ్లలో ఒక్కడికీ అమ్మ మీద ద్వేషం లేదు. అది ఉన్నా బాగుండును, ద్వేషానికైతే ఎదురు తిరగొచ్చు. ఒకడు చెల్లెలి కోసం, ఒకడు తమ్ముడి మాట కోసం, ఒకడు అక్క మర్యాద కోసం, ఎవరి ప్రేమ వాళ్లు పట్టుకుని ఆ మనిషిని మధ్యలో నిలబెట్టి చంపుతున్నారు. ఇన్ని వరసలకి ఇన్ని మాటలున్న భాష మనదని క్లాసులో గొప్పలు పోతాను. ఒక్కో మాటకి ఒక్కో కాపలా కూడా ఉందని చెప్పను. ఇంగ్లీషువాడు నాలుగింటిని రెండు చేసుకుని కొంచెం తేలికపడ్డాడేమో అని మొట్టమొదటిసారి అనిపించింది.

ఇంటికొచ్చేసరికి దీపాలవేళైంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. తల దువ్వుకుంది.

"ఏటన్నాడు? వస్తానన్నాడా?"

అబద్ధం చెబుదామనే గుమ్మం ఎక్కాను. వచ్చేవారం వస్తాడు, పంట పని ఉంది, అదీ ఇదీ అని దారిలో కూర్చుకున్నాను కూడా. కానీ అమ్మ నా మొహం చూస్తోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చిందో లేదో చెయ్యి వెయ్యకుండానే కనిపెట్టేది అలాగే చూసి.

"వస్తాడమ్మా."

"ఎప్పుడు?"

సంచీ కింద పెట్టాను. అమ్మ కొబ్బరికాయల్ని చూసి, నన్ను చూసింది.

"కోక తెస్తానన్నాడా?"

"కొనుంచాడు. పొందూరుది. నాన్న పోయిన ఏడే నేయించాడట."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మొహం విప్పారింది. నాన్న పోయాక అమ్మ మొహం అలా ఎప్పుడూ చూడలేదు. "పిచ్చెదవ," అంది ముద్దుగా. "అంచుందా?" అని అడిగింది. సన్నటి అంచు ఉందని చెప్పాను. ఆరోజు అన్నం కూడా ఇంకో రెండు ముద్దలు తింది.

మర్నాడు డయాలసిస్ రోజు. ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. అమ్మ స్నానం చేసి, ఉతికిన కోక కట్టుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుని లేపబోయాను.

"నాను రాను."

"ఏం? నీరసంగా ఉందా?"

"లేదు. రాను. ఇంక ఎప్పుడూ రాను. ఆడెవడో ఆటో అతన్ని ఎల్లిపొమ్మను."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నేను నేలమీద కూలబడి, పిచ్చా నీకు అని అరిచాను. చేతులు పట్టుకుని లాగాను. వాళ్ల పంతాల కోసం నువ్వు చస్తావా అన్నాను. నాకెవరున్నారన్నాను. అమ్మ నా తల తన ఒళ్లోకి లాక్కుని, చిక్కులు పడిన జుట్టులో వేళ్లు పెట్టి విడదీయడం మొదలుపెట్టింది. బయట ఆటో హారను కొట్టింది.

"నివ్వు తీసుకెల్లిన పెతిసారీ ఆడు రావడం ఎనక్కి పోతన్నాదే," అంది అమ్మ నెమ్మదిగా. "ఆడు ముసిలోడైపోనాడన్నావు కదా. నాకంటే ముందాడు పోతేనో?"

బయటికి వెళ్లి ఆటో అతనికి ఈరోజు రావడం లేదని చెప్పాను. ఎల్లుండి రమ్మంటారా అని అడిగాడు. ఫోను చేస్తానన్నాను. తిరిగొచ్చేసరికి అమ్మ నా ఫోను చేతిలో పట్టుకుని నాకు అందిస్తోంది.

"ఆడికి ఫోన్ సెయ్యి. ఎక్కడికీ ఊరెల్లొద్దని సెప్పు. ఇంటి దగ్గరే ఉండమను. మరెంతో కాలం పట్టదని సెప్పు."

నేను చేశాను. ఈసారి మావ మొదటి రింగుకే ఎత్తాడు.